ఉం తరవాత ప

కార్తీకమాసం దగ్గరపడిందంటే మా ఆవిడ అటక మీది ఇత్తడి సామానంతా కిందికి దింపిస్తుంది. కుందులు, హారతి పళ్ళెం, గంట, వాళ్ళమ్మ ఇచ్చిన చిన్న గంగాళం. మొన్న చింతపండు నానబెట్టుకుని కూర్చుని, పీతాంబరి పొడి తెమ్మని మనవణ్ణి కొట్టుకి పంపింది. పొడి అయిపోయిందట. ఇత్తడికి ఇది కూడా పనిచేస్తుందని చెప్పి కొట్టతను వేరే డబ్బా ఇచ్చాడు. వాడు తెచ్చి వరండాలో కూర్చుని మూత తిప్పాడు.

నేను లోపలి గదిలో ఉన్నాను. డబ్బా చూడకుండానే చెప్పాను, బ్రాసో అని.

"దేవుడి సామానుకి ఆ కిరసనాయిలు కంపా? తిరిగిచ్చేసి రా" అని మా ఆవిడ వాడి మీద కేకలేసింది. "ఉండనీ, నాకు పనుంది" అన్నాను. "మీకేం పని?" అంది. ఏం పనో నాకూ తెలీదు. ఉద్యోగం మానేసి పాతికేళ్ళు దాటింది. తోముకోడానికి బొత్తాలు లేవు, బెల్టు బిళ్ళ లేదు, టోపీ బ్యాడ్జీ లేదు. హార్న్ అసలే లేదు.

24 ఏళ్ళు పట్టాళం బ్యాండులో ఫ్రెంచ్ హార్న్ అనే ఇత్తడి బూర వాయించాను. ఈ మాట చెబితే మనవైపు ఎవరికైనా ముందు లారీ గుర్తొస్తుంది. మా సంబంధం కుదిరేటప్పుడు మధ్యవర్తి "కుర్రాడు మిలట్రీలో హారన్ వాయిస్తాడు" అని చెబితే, మా మావగారు డ్రైవరనుకుని ఒప్పుకున్నారు. డ్రైవరైతే రిటైరయ్యాక సొంత లారీ కొనుక్కుంటాడని ఆయన లెక్క. నిజం తెలిసేసరికి శుభలేఖలు అచ్చయిపోయాయి.

* * *

మాది విజయనగరం పక్క పల్లె. ఇంట్లో సన్నాయి వృత్తి. పెదనాన్న సన్నాయి వాయించేవాడు, చిన్నాన్న డోలు. మా నాన్నది ఒత్తు.

ఒత్తంటే ఇప్పటివాళ్ళకి చెప్పాలి. చూడ్డానికి సన్నాయిలాగే ఉంటుంది గానీ దానికి వేళ్ళు కదిపే చిల్లులుండవు. కింద ఉన్న ఒకటి రెండు చిల్లుల్లో మైనం పెట్టి శ్రుతి సరిచేసుకుంటారు. అంతే. ఇక మేళం అయ్యేదాకా ఒకటే స్వరం, షడ్జమం. గాలి తెగకూడదు. బుగ్గల్లో గాలి నిలవ చేసుకుని, అది బయటికి వదులుతూనే ముక్కుతో మళ్ళీ పీల్చుకోవాలి. నాన్న బుగ్గలు పొంగిన పూరీల్లా ఉండేవి. ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆ బుగ్గలు కొంచెం జారి ఉండేవి.

పెళ్ళిలో భోజనాల దగ్గర ఎవరో ఒకరు పెదనాన్నతో "ఆ రాగం భలే వాయించావయ్యా" అనేవారు. నాన్నతో ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒకే ఒక్కసారి, మాఘమాసపు చలిలో, వాయిస్తూ వాయిస్తూ ఆయనకి తుమ్మొచ్చింది. ఒత్తు తెగింది. వంటవాళ్ళతో సహా పందిట్లో ఉన్న వాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. అంతసేపూ అది మోగుతోందని వాళ్ళకి అప్పుడే తెలిసినట్టుంది.

నాకు మాత్రం సన్నాయి మీద మనసు లేదు. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళం. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేలోపు నేను బ్యాండు మేళం వెనకాల అంతకు రెట్టింపు తిరిగేవాణ్ణి. ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు జరీ కుచ్చులు, ఎండకి తళతళలాడే బూరలు. పెద్ద బూర పొట్ట మీద మీరట్ అని చెక్కి ఉండేది. దేశంలో సగం పెళ్ళిళ్ళకి ఆ ఊళ్ళోని జాలీ కోఠీ వీధి నుంచే బూరలు వెళతాయని నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. అప్పటికి నాకు మీరటంటే ఆ బూర పేరు.

పన్నెండో ఏట ఆ మేళంలోనే చేరాను. బూర పట్టుకోడానికి కాదు, పెట్రోమాక్సు లైటు మోయడానికి. నెత్తిన చుట్టకుదురు, దాని మీద లైటు. ఊరేగింపుకి రెండు పక్కలా మాలాంటి కుర్రాళ్ళు. లైటు బుస్సుమనే చప్పుడు చెవి పక్కనే. గాలి తగ్గినప్పుడల్లా ఆపి పంపు కొట్టాలి. పెళ్ళికొడుకు మొహం మీద వెలుగు తగ్గిందంటే మా మేస్త్రి తిట్టే తిట్లు పాటలోంచి కూడా వినబడేవి. లైటు నుంచి తాళాలకీ, తాళాల నుంచి బారిటోన్ బూరకీ రావడానికి మూడేళ్ళు పట్టింది. కాగితం లేదు, నొటేషన్ లేదు. సినిమాహాలు బయట నిలబడి పాట వినడం, వచ్చి ఊదడం. మహారాజావారి సంగీత కళాశాల ముందు నుంచి నడిచి వెళ్ళేటప్పుడు కిటికీల్లోంచి వయొలిన్లు వినబడేవి. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలుగా ఉన్న కాలేజీ అది, ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాఠాలు చెప్పిన కాలేజీ. బూరలు పట్టుకున్న మేము ఆ గేటు ముందు నుంచి కాస్త తొందరగా నడిచేవాళ్ళం. ఎందుకో మరి. ఎవరూ ఏమీ అన్నది లేదు.

* * *

సికింద్రాబాద్‌లో పట్టాళం బ్యాండులోకి కుర్రాళ్ళని తీసుకుంటున్నారని మా మేస్త్రి తమ్ముడు చెప్పాడు. పరుగు, ఎత్తు, ఛాతీ అన్నీ అయ్యాక ఒక గదిలోకి పంపారు. బ్యాండ్ మాస్టర్ సాబ్ కూర్చుని ఉన్నారు. నన్ను ఏదైనా వాయించమంటారని, రాత్రంతా ఒక పాట మననం చేసుకుని వెళ్ళాను. ఆయన పాట అడగలేదు. లేచొచ్చి బొటనవేలితో నా పెదవి పైకెత్తి, సంతలో గిత్తకి చూసినట్టు పళ్ళు చూశారు. ముందు పళ్ళు సమంగా ఉన్నాయా, పెదవి మందమా సన్నమా. "పత్‌లా హోంఠ్. హార్న్" అని పక్కన రాసుకునేవాడికి చెప్పారు. సన్న పెదవి అని.

నేను ట్రంపెట్ కావాలనుకున్నాను. హార్న్ అంటే ఏంటో చూడనైనా లేదు. జీవితాంతం చేసే పని అలా ఒక బొటనవేలితో తేలిపోయింది. వెనకటి రోజుల్లో చాలామందికి పెళ్ళిళ్ళు కూడా అలాగే తేలేవి గనక అప్పట్లో నాకు అది వింతగా అనిపించలేదు.

రైఫిలు, పరేడు, పీటీ, లంగర్‌లో రొట్టెలు. కొన్ని నెలల తరవాత నల్ల ట్రంకు పెట్టె నెత్తినెత్తుకుని పచ్‌మఢీ బయల్దేరాను. నాగపూర్ మీదుగా ఇటార్సీ, అక్కడ బండి మారి పిపరియా, పిపరియా నుంచి బస్సులో సాత్పురా కొండల మీదికి. పట్టాళం వాద్యగాళ్ళకి చదువు చెప్పే మిలటరీ మ్యూజిక్ వింగ్ ఉన్నది అక్కడే. అన్ని రెజిమెంట్ల కుర్రాళ్ళూ వచ్చేవారు. గూర్ఖాలు, గఢ్వాలీలు, సిక్కులు, మలయాళీలు. నా బ్యారక్‌లో తెలుగువాళ్ళం ఇద్దరమే.

పొద్దున్న బ్యారక్ నుంచి బయటికొస్తే సాల చెట్ల అడవి. ఒక్కొక్కడూ ఒక్కో చెట్టు దగ్గరికి వెళ్ళి దానికి ఎదురుగా నిలబడి సాధన. అరవై డెబ్భై మంది, ఎవడి గొడవ వాడిది. క్లారినెట్లు మెట్లెక్కి దిగుతుంటాయి, ట్రాంబోన్లు ఆవులింతలు తీస్తుంటాయి, ఎక్కడో బ్యూగిల్ ఒకటే ముక్క పదిసార్లు. కొత్తగా వచ్చినవాడికి పిచ్చాసుపత్రి అనిపిస్తుంది. వారం తిరిగేసరికి, అంత గోలలోనూ మన స్వరం మనకి విడిగా వినబడుతుంది. నా చెట్టు మీద కొండముచ్చుల కుటుంబం ఒకటి ఉండేది. అవి ట్రంపెట్లకి బెదిరేవి గానీ నన్ను లెక్క చేసేవి కావు.

మొదటి మూడు వారాలూ నాకు హార్న్ ఇవ్వలేదు. మౌత్‌పీస్ ఒక్కటే. చిన్న గరాటులా ఉండే వెండి రంగు ముక్క. దాన్ని పెదవులకి ఆనించి బుర్‌ర్‌మని జుమ్మెటీగలా మోగించాలి. మూడొంతుల్లో రెండొంతులు పైపెదవి మీద, ఒక వంతు కిందపెదవి మీద ఉండాలి. నేను మోగించాను, వెంటనే మోగింది. వంశం వాసన కదా అని పొంగిపోయాను. అంతలో ఉస్తాద్ వచ్చి నా చెంప మీద రెండు వేళ్ళతో టప్‌మని కొట్టారు.

"గాల్ నహీ, పేట్!"

బుగ్గలు ఉబ్బుతున్నాయట. ఇత్తడి వాద్యాల్లో బుగ్గ ఉబ్బిందంటే పెదవి పట్టు సడలుతుంది, స్వరం ఊగుతుంది. గాలి పొట్టలోంచి రావాలి, బుగ్గలు బల్లపరుపుగా ఉండాలి. మా ఇంట్లో మూడు తరాలుగా బుగ్గలతోనే అన్నం తిన్నాం. ఆ బుగ్గల్ని అణచడానికి నాకు ఆరు నెలలు పట్టింది. రాత్రి నిద్దట్లో కూడా ఆ రెండు వేళ్ళు గుర్తొచ్చి బుగ్గలు లోపలికి లాక్కునేవాణ్ణి.

తరవాత హార్న్ ఇచ్చారు. దాని గొట్టం చుట్టలు విప్పి సాగదీస్తే 12 అడుగులు దాటుతుంది. జిలేబీలా చుట్టి చంకలో పట్టేలా చేశారు. ఇది ఫ్రాన్సులో వేటగాళ్ళ బూరగా పుట్టిందని ఉస్తాద్ చెప్పారు. గుర్రమెక్కినవాడు భుజానికి తగిలించుకుని ఊదేవాడు. వెనకాల వచ్చేవాళ్ళకి వినబడాలి గనక దాని మూతి, అంటే స్వరం బయటికొచ్చే వెడల్పాటి చివర, వెనక్కి తిరిగి ఉండేది. ఆ మూతి ఇప్పటికీ వెనక్కే. కుడిచెయ్యి మూతిలో దూర్చి పెట్టాలి. మీటలు రాకముందు, ఆ చేతిని ముందుకీ వెనక్కీ కదిపే స్వరాలు మార్చేవారట. మీటలు 1800ల మొదట్లో జర్మనీలో వచ్చాయి. అప్పటికే కుడిచెయ్యి లోపల స్థిరపడిపోయింది కాబట్టి మీటల పని ఎడమచేతికి పడింది. సెలవులో ఇంటికి వెళ్ళి ఇదంతా చేతులు తిప్పి చూపిస్తే నాన్న ఒకటే అడిగాడు.

"ఏటిరా, ఎడం సేత్తో వాయిత్తావా?"

ఎడమచేత్తో డబ్బులిచ్చినా ఒప్పుకోని మనిషి. సర్కారు వాళ్ళే అలా చెయ్యమన్నారంటే ఊరుకున్నాడు.

ఇంకో చిక్కు ఉంది. ట్రంపెట్లో స్వరానికీ స్వరానికీ మధ్య కాస్త ఎడం ఉంటుంది. హార్న్‌లో పై స్థాయికి వెళ్ళేకొద్దీ అన్నీ ఇరుకే. ఒకే మీట మీద పక్కపక్కనే నాలుగైదు స్వరాలు పలుకుతాయి. ఏది పలకాలో పెదవి తేల్చాలి. కరెంటు పోయిన రాత్రి ఇరుకు సందులో మన తలుపనుకుని పక్కింటి తలుపు తడతాం చూడండి, అలా ఉంటుంది. తప్పు తలుపు తడితే బొంగురు కోడిలా ఒక చప్పుడు వస్తుంది. దాన్ని మేం క్రాక్ అంటాం. ప్రపంచంలో ఎంత గొప్ప హార్న్ వాద్యగాడైనా దానికి భయపడతాడని ఉస్తాద్ చెప్పేవారు. అది విన్నాక నా భయం తగ్గకపోగా ఇంకా పెరిగింది.

తిండి నియమాలు కూడా ఉండేవి. వాయించే ముందు పల్లీలు తినకూడదు, పలుకులు గొట్టంలోకి పోతాయి. నోరు పుక్కిలించకుండా హార్న్ ముట్టుకుంటే శిక్ష. ఇంటి నుంచి ఆవకాయ పార్సిల్ వచ్చిన రోజు మా ఇద్దరు తెలుగోళ్ళకీ నరకం. తినకుండా ఉండలేం, తిని మౌత్‌పీస్ పెడితే పెదవి నిప్పు. చివరికి ఆవకాయని ఆదివారానికి వాయిదా వేసుకున్నాం.

* * *

ఆదివారం సాయంత్రాలు ఒక ఉస్తాద్ టేపు వినిపించేవారు. డెనిస్ బ్రెయిన్ అనే ఇంగ్లీషాయన వాయించిన హార్న్. మొదటిసారి విన్నప్పుడు ఇది నా దగ్గరున్న వస్తువేనా అని అనుమానమొచ్చింది. మంచులోంచి ఎవరో పిలుస్తున్నట్టు ఉంది. ఆయన తండ్రి ఆబ్రీ కూడా హార్న్ వాద్యగాడే. యుద్ధకాలంలో ఈయన కూడా మాలాగే యూనిఫాం వేసుకుని రాయల్ ఎయిర్ ఫోర్స్ బ్యాండులో వాయించాడట. 1957లో ఎడిన్‌బరోలో కచేరీ చేసి రాత్రికి రాత్రి తనే కారు నడుపుకుంటూ లండన్ వస్తూ ప్రమాదంలో చనిపోయాడు. 36 ఏళ్ళు. ఉస్తాద్ ఆ వయసు చెప్పి టేపు ఆపేవారు, మేం లేచేవాళ్ళం.

ఆ పెద్దమనిషే 1956లో లండన్‌లో ఒక హాస్య సంగీత సభలో, తోటకి నీళ్ళు పెట్టే గొట్టానికి మౌత్‌పీస్ తగిలించి కచేరీ చేశాడని కూడా చెప్పారు. చెప్పకుండా ఉండాల్సింది. మర్నాడు మధ్యాహ్నం మేం నలుగురం పూలమొక్కలకి నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టం కోశాం. దాదాపు హార్న్ పొడవు. మౌత్‌పీస్ ఒక చివర, వంటింటి గరాటు ఇంకో చివర. నిజంగానే మోగింది! మీటలు లేవు కాబట్టి ఉన్న నాలుగు స్వరాల్లోనే రౌజ్ పిలుపు వాయించాం. మధ్యాహ్నం రెండింటికి. పొద్దున్న లేపడానికి ఊదే పిలుపు విని, కునుకు తీస్తున్న వాళ్ళు కొందరు బూట్లు వెతుక్కున్నారు. తరవాత వారం రోజులు ఆ పూలమొక్కలకి మేం నలుగురం బకెట్లతో నీళ్ళు మోశాం.

* * *

నొటేషన్ చదవడం వచ్చాక మార్చ్ సంగీతం కాగితాలు ఇచ్చారు. క్లారినెట్ వాళ్ళ కాగితాలు నల్లగా, ముగ్గుల్లా నిండి ఉన్నాయి. నా కాగితంలో ఒక విరామం, ఒక స్వరం, ఒక విరామం, ఒక స్వరం. పేజీ అంతా అదే. మార్చ్‌లో ట్యూబా, పెద్ద డ్రమ్ము కలిసి ఉం అంటాయి. అడుగు నేల మీద పడేది దాని మీద. ఆ తరవాత, రెండో అడుగు గాల్లో ఉండగా వచ్చే ప ఉంటుంది చూడండి, అది మాది. ఉం-ప, ఉం-ప. పాట ఎప్పుడూ ఇంకొకరి దగ్గర.

"ఇందులో పాటెక్కడుంది ఉస్తాద్?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రం బ్యాండంతా నడుస్తుండగా మా హార్న్‌లు నలుగుర్నీ వాయించొద్దని సైగ చేశారు. పాట ఉంది, డ్రమ్ము ఉంది, అన్నీ ఉన్నాయి. పది గజాలు వెళ్ళేసరికి నడక మారిపోయింది. ధాన్యం బస్తాలు మోస్తున్న కూలీల్లా కాళ్ళు నేలకి అంటుకుపోతున్నాయి. మళ్ళీ సైగ చేశారు, మేం అందుకున్నాం. కాళ్ళు లేచాయి. ఆయన నావైపు కూడా చూడలేదు.

నాకు నాన్న తుమ్ము గుర్తొచ్చింది. ఇంట్లోంచి పారిపోయి వచ్చి మళ్ళీ ఆ ఇంట్లోనే తేలానని అర్థమైంది. ఆయనకి కనీసం ఒక స్వరమంతా ఉండేది. నాది దాంట్లో ముక్క.

* * *

తరవాతి ఏళ్ళన్నీ ఒకే మార్చ్‌లో కలిసిపోయాయి. పరేడులు, మెస్సుల్లో విందు రాత్రులు, ఊళ్ళలో పార్కు కచేరీలు. విందు రాత్రి వాయించేది మెత్తటి సంగీతం. ఒకసారి అలాంటి రాత్రే నాకు ఎనిమిది బార్ల సోలో ఇచ్చారు, అంటే ఎనిమిది తాళపు కొలతలు నేనొక్కణ్ణే పాట వాయించాలి. నెల్లాళ్ళు సాధన చేశాను. మొదటి స్వరమే క్రాక్. స్పూన్ల చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మిగతా ఏడు బార్లు ఎలా వాయించానో గుర్తులేదు. బాగానే వాయించానని మావాళ్ళు అన్నారు, మావాళ్ళు కాబట్టి అన్నారు.

హార్న్ మీటలు ట్రంపెట్‌లా కిందికి దిగేవి కాదు, గుండ్రంగా తిరిగేవి. వేలితో నొక్కే మీటకీ, లోపల తిరిగే బిళ్ళకీ మధ్య సన్నటి దారం ముడి ఉంటుంది. పరేడు మధ్యలో దారం తెగిందా, ఆ వేలు చచ్చినట్టే. స్టోర్‌లో ఇచ్చే దారం కన్నా భీమిలి రేవులో దొరికే గేలపు దారం మంచిదని నేను కనిపెట్టాను. సెలవు నుంచి వచ్చేటప్పుడు అందరూ మిఠాయిలు తెస్తే నేను గేలపు దారం చుట్టలు తెచ్చేవాణ్ణి. ఉత్తరాంధ్ర చేపలు పట్టే దారంతో మా సెంటర్ హార్న్‌లన్నీ ఏళ్ళ తరబడి నడిచాయి.

హార్న్‌లోంచి నీళ్ళు తీయడం చూసి జనం ఉమ్మనుకుంటారు. ఉమ్ము కాదు, ఊపిరిలోని తడి చల్లటి ఇత్తడికి తగిలి నీళ్ళవుతుంది. చుట్టలన్నీ తిరుగుతూ రావాలి కాబట్టి హార్న్‌ని స్టీరింగులా గిరగిరా తిప్పాలి. మా మావగారు ఒకసారి అది చూసి, "డ్రైవింగు కూడా ఉన్నట్టుందే" అన్నారు.

బ్యాండు వాళ్ళంటే వాయించడమే కాదు. యుద్ధం వస్తే మేం స్ట్రెచర్లు మోయాలి. ఏటా కట్లు కట్టడం, గాయపడ్డవాణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తడం నేర్పేవారు. ట్యూబా వాయించేవాణ్ణి మోసే వంతు ఎప్పుడూ నాకే వచ్చేది. నా సర్వీసులో నిజంగా మోయాల్సిన రోజు రాలేదు. వచ్చిన వాటిలో కష్టమైనవి అంత్యక్రియలు. శోక్ శస్త్ర్ అని ఆర్డరు పడగానే రైఫిళ్ళు తలకిందులవుతాయి. బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్. హార్న్ వాళ్ళం కూడా బ్యూగిల్ నేర్చుకోవాలి కాబట్టి ఒకటి రెండుసార్లు నా వంతు వచ్చింది. ఆ పిలుపులో క్రాక్ వస్తే క్షమించేవాళ్ళు ఉండరు, ముఖ్యంగా మనం. చనిపోయినవాడి తల్లి ఉన్న వైపు చూడకుండా, జెండా కర్ర చివర చూస్తూ వాయించమని నేర్పారు. నేను అలాగే చూశాను.

ఢిల్లీ కూడా చెప్పాలి. రిపబ్లిక్ డే వేడుకల ముగింపుగా జనవరి 29 సాయంత్రం విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్‌కి మా బ్యాండు రెండుసార్లు వెళ్ళింది. రిహార్సళ్ళు పొగమంచులో. పక్క వరస కనబడదు. చలికి గొట్టంలోని గాలి చల్లబడి శ్రుతి దిగిపోతుంది, మౌత్‌పీస్ పెదవికి అంటుకుంటుంది. అందుకని దాన్ని చంకలో పెట్టుకుని వెచ్చబెట్టుకునేవాళ్ళం. అన్ని బ్యాండ్లూ కలిసి అబైడ్ విత్ మీ వాయించేటప్పుడు ఎత్తు మీది నుంచి గంటలు బదులిచ్చేవి. గాంధీగారికి ఇష్టమైన ప్రార్థన అది. నాకు ఇష్టమవడానికి కారణం చాలా చిన్నది. అందులో హార్న్‌లకి ప లేదు. పొడవైన స్వరాలు, లోపలి వరసలో, ఊపిరంతా పెట్టి వాయించే స్వరాలు. 2022 నుంచి ఆ పాట తీసేశారు. కారణాలు పెద్దవాళ్ళవి. ఆ సంవత్సరం టీవీ ముందు కూర్చుని, అది రావాల్సిన చోట నా పెదవులు వాటంతట అవే బిగుసుకున్నాయి.

* * *

నాన్న నా బ్యాండుని ఒక్కసారే చూశాడు. సికింద్రాబాద్‌లో రిక్రూట్ల కసమ్ పరేడ్, శిక్షణ పూర్తయిన కుర్రాళ్ళు ప్రమాణం చేసే పరేడు. అప్పటికి ఊళ్ళో సన్నాయి పిలుపులు తగ్గిపోయాయి, పెదనాన్న పోయాడు, ఒత్తు గుడ్డలో చుట్టి దూలానికి వేలాడుతోంది. నాన్న గోంగూర పచ్చడి, రెండు చుట్టల గేలపు దారం పట్టుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో దిగాడు. పాస్ తెచ్చి షామియానాలో రెండో వరసలో కుర్చీ చూపించి నేను వెళ్ళిపోయాను.

మేం షామియానాకి ఎదురుగా నిలబడి వాయిస్తున్నాం. కుర్రాళ్ళు నాలుగేసి వరసల్లో తిరుగుతున్నారు. రెండో చుట్టులో కళ్ళు తిప్పి కుర్చీ వైపు చూశాను. ఖాళీగా ఉంది. మూత్రానికి వెళ్ళాడా, కళ్ళు తిరిగి పడ్డాడా, టెన్షన్ పట్టుకుంది. పరేడ్ అయ్యేదాకా కదలడానికి లేదు.

అయ్యాక వెతికితే, మా వెనకాల నీళ్ళ ట్యాంకరు పక్క వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. అంత ఆఫీసర్ల మధ్య కుర్చీలో కూర్చోవడం ఆయన వల్ల కాలేదట. జోళ్ళు విప్పి చేత్తో పట్టుకుని అలా వెనక్కి వచ్చేశాడు. అక్కణ్ణించి ఏం కనబడుతుంది, మా వీపులు తప్ప? నాకు కోపమొచ్చింది. అంత దూరం నుంచి వచ్చి ఏమీ చూడలేదే అని.

సాయంత్రం క్యాంటీన్ మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాం. ఉన్నట్టుండి మోకాలి మీద చేత్తో కొడుతూ, మధ్యమధ్యలో నోటితో ప, ప, ప అనడం మొదలుపెట్టాడు. సరిగ్గా నా కాగితం. నా నడక, నా వేగం. షామియానాలో కూర్చున్నవాళ్ళకి వినబడేది క్లారినెట్లు, ట్రంపెట్లు. హార్న్ మూతి వెనక్కి గదా. ఆ మైదానం మొత్తం మీద హార్న్ బాగా వినబడే చోటు ఆ నీళ్ళ ట్యాంకరు పక్కనే.

"నీ బూరే ఇనిపించింది" అన్నాడు. ఇంకో గుక్క తాగి, "రెండోసారి ఆ కుర్రోళ్ళు తిరిగినప్పుడు ఒకటి ఎగరగొట్టీసేవు" అన్నాడు.

బ్యాండ్ మాస్టర్ సాబ్‌కి వినబడలేదు. నా పక్కన హార్న్ వాయించేవాడికి వినబడలేదు. ఎందుకు పోయిందో నేను ఆయనకి చెప్పలేదు.

* * *

రిటైరయ్యే రోజు హార్న్ స్టోర్‌లో అప్పజెప్పాను. నంబరు సరిచూసుకున్నారు. మూతి అంచున ఒక సొట్ట ఉంటుంది. పచ్‌మఢీలో కొండముచ్చుకి అరటిపండు ఇవ్వబోయి జారవిడిచిన సొట్ట, రిజిస్టరులో పాత డామేజీ అని రాసి ఉంది. సంతకం పెట్టాను. బయటికొచ్చాక ఎడమచేతి వేళ్ళు చాలా రోజులు ఖాళీగా అనిపించాయి. బస్సులో కడ్డీ పట్టుకున్నా మీటలు నొక్కుతూ ఉండేవి.

ఇక్కడ బ్యాండు మేళాలు తగ్గిపోయి డీజే పెట్టెలు వచ్చాయి. మా పాత మేస్త్రి కొడుకు ఒకటి రెండు పెళ్ళిళ్ళకి పిలిస్తే వెళ్ళి బారిటోన్ బూర పట్టుకున్నాను. పాట వాయించమన్నాడు. వాయించాను గానీ, చెయ్యి తిరగలేదు. మధ్యలో పాట వదిలేసి తెలీకుండానే ప దగ్గరికి వచ్చేస్తున్నాను. మూడోసారి పిలవలేదు.

సరే, ఆ బ్రాసో సంగతి. మా ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు ఒక కుందు తీసుకుని పాత బనీను గుడ్డతో తోమాను. ముందు నల్లటి మడ్డి వస్తుంది, దాన్ని తుడిచేయకుండా ఇంకా రుద్దాలి. అక్కడే చాలామంది ఆపేస్తారు. మనవడు పక్కన కూర్చుని చూశాడు. చివర్లో వాడి మొహం కుందులో కనబడేదాకా తోమి, ఏమీ ఎరగనట్టు మిగతా వాటి మధ్య పెట్టేశాను.

ఆవిడ రాగానే కనిపెట్టింది. చింతపండుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి, విభూతితో ఒకసారి తోమింది. పొద్దున్న తులసికోట దగ్గర వత్తి వెలిగించి లోపలికి వస్తూ నావైపు కోపంగా చూసింది. వాసన పోలేదట.